వెయ్యి జీబీల పంపకం

గోదావరి రేవుల మండలి కార్యాలయంలో గోడకి మేకు కొట్టాలన్నా ఫైలు పెట్టాలి. వెటకారానికి అంటున్న మాట కాదిది. మేకు ఫైలు ఇప్పటికీ రికార్డు రూములో భద్రంగా ఉంది, అరవై నాలుగు పేజీలు. ఏ గోడకి, ఎంత ఎత్తున, ఎన్ని అంగుళాల మేకు, కొట్టాల్సింది అటెండరా వాచ్‌మనా అన్న సంగతులన్నీ అందులో కూలంకషంగా చర్చించారు. తీరా అనుమతి వచ్చేసరికి తగిలించాల్సిన కేలండరుకి ఏడాది అయిపోయింది. అయినా అనుమతి వచ్చింది కాబట్టి మేకు కొట్టి ఆ కేలండరే తగిలించారు. దాన్ని చూసి ఉపవాసం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.

అలాంటి ఆఫీసులో పదకొండేళ్లు మగ్గినవాడు, నాలుగు అక్షరాలు వచ్చినవాడు, త్రినాథ్ ఆ వెర్రిపని ఎలా చేశాడో దేవుడికే తెలియాలి. చేసిన నేరం పెద్దదేం కాదు. ఎవరినీ అడగక్కర్లేని మాట ఒకటి అడిగాడు.

ఆ మండలి చేసే పని ఒక్కటే. లంక గ్రామాలకి జనాన్ని దాటించే పంట్లకీ పడవలకీ ఏటా లైసెన్సు ఇవ్వడం. మొత్తం మూడువందల పన్నెండు పడవలు. ఒక్కో లైసెన్సు చేతులు మారి, బల్లలు మారి, సంతకాలన్నీ పడి బయటికొచ్చేసరికి మూడు నెలలు. ఇది చూసి జాలిపడి పైనుంచి ఎవరో ఒక సర్వరు పంపించారు. నల్లటి పెట్టె, లోపల వెయ్యి జీబీల డిస్కు. దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, లైసెన్సులు ఇచ్చే ప్రోగ్రాము పెట్టి నడిపించమని త్రినాథ్‌కి అప్పజెప్పారు.

త్రినాథ్ అక్కడ కాంట్రాక్టు సిస్టమ్ ఇంజనీరు. కాంట్రాక్టంటే ఆ ఆఫీసులో ఎనభై తొమ్మిది రోజులు. తొంభై రోజులు వరసగా పనిచేస్తే ఎవడైనా కోర్టుకెళ్లి పర్మనెంటు చేయమంటాడేమోనని భయం. అందుకని తొంభయ్యో రోజున ఇంట్లో కూర్చోబెట్టి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటారు. ఆ లెక్కన త్రినాథ్ పదకొండేళ్లలో నలభై నాలుగు సార్లు ఉద్యోగంలో చేరాడు. చేరిన ప్రతిసారీ ఆఫీసులో కొత్తవాళ్ల కింద లెక్క. మామగారు ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా అల్లుడు గవర్నమెంటు ఉద్యోగం, ప్రస్తుతానికి" అంటూ ఉంటారు. ఆ చివరి మాట దగ్గర త్రినాథ్‌కి ప్రాణం చివుక్కుమనేది. ఈసారి గడువు మార్చి ముప్పై ఒకటితో తీరుతుంది. ఆలోగా సర్వరు నడిచి, దాంట్లోంచి మొదటి లైసెన్సు బయటికొస్తే నలభై అయిదోసారి చేరనిస్తామనీ, లేకపోతే ఇంక రానక్కర్లేదనీ కార్యదర్శిగారు ముందే చెప్పేశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో, పొద్దున్న పదకొండింటికి, పెన్‌డ్రైవ్ తగిలించి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. కాసేపటికి తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. ఉన్న వెయ్యి జీబీల్లో దేనికెంత స్థలం ఇవ్వమంటావని. దాని జవాబు త్రినాథ్ చీటీ మీద రాసుకునే వచ్చాడు. సిస్టమ్ ఉండడానికి వంద, పడవల రికార్డులకి ఆరువందలు, ఎప్పుడేం జరిగిందో రాసుకునే లాగ్స్‌కి వంద, తాత్కాలిక ఫైళ్లకి యాభై, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి ముప్పై, మిగిలింది రేపటి అవసరానికి ఖాళీ. ఆ అంకెలు కొట్టి ఎంటర్ నొక్కితే ఇరవై నిమిషాల్లో పని అయిపోయేది.

నొక్కలేదు. వేలు మీట దాకా వెళ్లి ఆగిపోయింది. రేప్పొద్దున్న ఎవరైనా "ఎవర్నడిగి పంచావయ్యా" అంటే కాంట్రాక్టు వాడికి దిక్కెవరని అనుమానం వచ్చింది. అయిదు లైన్ల నోటు రాసి, పైన "సమాచారం నిమిత్తం" అని పెట్టి, సూపరింటెండెంటు జగదాంబగారి బల్ల మీద పెట్టాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

జగదాంబగారిది ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. మనిషి చెడ్డది కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా మిరియాల చారు పంపిస్తుంది. కానీ రూలు దగ్గర మాత్రం కన్నకొడుకైనా సరే. నోటు రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకి తోసి, త్రినాథ్‌ని పిలిచింది.

"లాగ్స్‌కి వంద జీబీ అని రాశావు. ఏ సెక్షనులో ఉంటారు బాబూ వాళ్లు?"

మనుషులు కారండి, అదొక పుస్తకంలాంటిదండి అని త్రినాథ్ చెప్పబోయాడు. పుస్తకానికి వంద, కార్యదర్శిగారికి సున్నానా అని ఆవిడ అడిగింది. అప్పుడావిడ బీరువా తీసి, అంచులు పొడి రాలుతున్న పాత సర్క్యులరొకటి బయటికి లాగింది. మండలిలో ఎవరు ఎంత జాగాలో కూర్చోవాలో అందులో ఉంది. కార్యదర్శికి రెండువందల నలభై చదరపు అడుగులు, ఉప కార్యదర్శికి నూట ఎనభై, సూపరింటెండెంటుకి నూట ఇరవై, సీనియర్ అసిస్టెంటుకి అరవై. కుర్చీలూ ఫ్యాన్లూ మంచినీళ్ల గ్లాసులూ ఇన్నేళ్లుగా ఆ లెక్కనే పంచుతున్నారు. డిస్కు కూడా స్థలమే కాబట్టి దానికీ ఇదే వర్తిస్తుందని ఆవిడ నోటు కింద పచ్చ సిరాతో రాసి, ఫైలుకి నంబరు వేసి, తాడు కట్టింది.

మర్నాటికి కార్యదర్శి భైరవమూర్తిగారి నుంచి పిలుపొచ్చింది. ఆయన మామూలుగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఇంట్లో కూడా "సదరు కాఫీ సమర్పించవలసినది" అంటారని చెప్పుకునేవారు.

"స్థలము మండలి ఆస్తి," అన్నారాయన, ఫైలు మీద అరచెయ్యి పెట్టి. "ఆస్తి పంపకము వ్యక్తుల ఇష్టాయిష్టముల మీద ఆధారపడరాదు. ఇందు నిమిత్తము ఒక సంఘమును నియమించడమైనది. మీరు సదరు సంఘమునకు సాంకేతిక సహకారము అందించవలెను. సభ్యత్వము ఉండదు."

సంఘం పేరు డిస్కు స్థల కేటాయింపుల సమన్వయ సంఘం. అధ్యక్షుడు కార్యదర్శిగారు, కన్వీనరు జగదాంబగారు, సభ్యులు నలుగురు సీనియర్ అసిస్టెంట్లు. మొదటి సమావేశంలో టీ, రెండో దాంట్లో టీతోపాటు పకోడీ. మూడో దాంట్లో పంపకం మొదలైంది.

కార్యదర్శిగారికి రెండువందల నలభై జీబీలు అన్నది చర్చ లేకుండా తేలిపోయింది. ఆయన దాచుకోవాల్సిందల్లా వరదలప్పుడు గొడుగు కింద నిలబడి తీయించుకున్న ఒక్క ఫొటో. దానికి ఒక్క జీబీలో వెయ్యో వంతు చాలని త్రినాథ్ మనసులో అనుకున్నాడుగానీ పైకి అనలేదు. ఉప కార్యదర్శి పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీ. ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ పోస్టు గౌరవం తగ్గదు కదా అని నూట ఎనభై జీబీలు ఆయన పేరున అట్టే పెట్టారు. జగదాంబగారికి నూట ఇరవై. నలుగురు సీనియర్ అసిస్టెంట్లకీ తలా అరవై. ఏడాదికి రెండుసార్లు వచ్చి సమోసా తిని వెళ్లే మండలి ఛైర్మన్‌గారికి వంద. పనుల మీద వచ్చే జనం వేచి ఉండే హాలుకి అరవై. హాలు డిస్కులోకి ఎలా వస్తుందండీ అని త్రినాథ్ అడిగితే, ప్రజలను విస్మరిస్తున్నాడని మినిట్సులో రాసుకున్నారు.

తాత్కాలిక ఫైళ్ల సంగతి వచ్చేసరికి సభ్యులందరూ కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. తాత్కాలికం అన్న మాట ఆ ఆఫీసులో పాము పేరులాంటిది. ఇరవై జీబీలు ఇస్తాం, కానీ ఏ ఫైలైనా వరసగా ఎనభై తొమ్మిది రోజులకి మించి ఉండకూడదు, తొంభయ్యో రోజున బయటికి పంపి మర్నాడు మళ్లీ తీసుకోవాలి, ఆ ఫైలు ముందుముందు పర్మనెంటు హోదా కోరనని రాసివ్వాలి అని తీర్మానించారు. త్రినాథ్ తల వంచుకుని అదంతా రాసుకున్నాడు. ఆ ఫైళ్ల మీద అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

స్వాప్ అంటే ఏమిటని అడిగారు. మెమరీ చాలనప్పుడు అందులోని సరుకు కొంతసేపు డిస్కులో ఉంచి, మళ్లీ వెనక్కి పిలుచుకుంటుందని చెప్పాడు. అయితే అది డెప్యుటేషనన్నమాట అని జగదాంబగారు తేల్చింది. డెప్యుటేషను మీద వచ్చేవాళ్లకి సొంత శాఖ నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. కాబట్టి మెమరీ నుంచి ఆ పత్రం తెచ్చేదాకా స్వాప్‌కి స్థలం లేదు.

పడవల రికార్డులకీ లాగ్స్‌కీ ఏ హోదా లేదు కాబట్టి వాటి ఊసే రాలేదు. మిగిలింది నలభై జీబీలు. అవి రేపటికి ఖాళీగా ఉంచుదామని త్రినాథ్ అనగానే సభ్యుల్లో ఒకరైన శిస్తు సెక్షను పేరిశాస్త్రిగారు ఉలిక్కిపడ్డారు. ఆయన ముప్పై ఏళ్లుగా గోదావరి లంకల తగాదాలు చూస్తున్న మనిషి. నీరు తీసి నాలుగు సెంట్ల ఇసక పైకి తేలితే తెల్లారేసరికి ఎవడో ఒకడు దోసపాదు పెట్టేస్తాడు. నలభై జీబీలు ఖాళీగా వదిలితే ఆక్రమణ జరగదని పూచీ ఎవరిది అని ఆయన నిలదీశారు. అందరికీ నిజమే అనిపించింది. పెయింటరుని పిలిపించి రేకు బోర్డు రాయించారు. "ఈ పెట్టె లోపలి నలభై జీబీల ఖాళీ స్థలము మండలికి చెందినది. అతిక్రమించినవారు శిక్షార్హులు." దాన్ని సర్వరుకి ఆనించి నిలబెట్టారు. ఆ బోర్డు సర్వరు కంటే ఎత్తుంది.

జగదాంబగారు కాగితం మీద అన్నీ కూడింది. సరిగ్గా వెయ్యి వచ్చింది. ఒక్క జీబీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇరవై రోజుల్లో పంపకం ముగించిన సంఘం ఆ మండలి చరిత్రలో లేదని కార్యదర్శిగారు అభినందించారు.

"మరి ఆపరేటింగ్ సిస్టమ్‌కండి?" అన్నాడు త్రినాథ్.

ఎవరది అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెట్టెలో అసలు ఉండాల్సింది అదేననీ, అది లేకపోతే మిగతా వెయ్యి జీబీలూ ఉత్త ఇనుమేననీ, కనీసం ముప్పై జీబీలైనా దానికివ్వాలనీ త్రినాథ్ వివరించాడు. మార్చి ముప్పై ఒకటి కళ్లముందు కనబడుతోంది మరి.

జగదాంబగారు మంజూరైన పోస్టుల పుస్తకం తెప్పించి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి వెతికింది. ఆపరేటింగ్ సిస్టమ్ అనే పోస్టు ఎక్కడా లేదు. క్యాడరు లేనివాళ్లకి సీటు ఎలా ఇస్తామని ఆవిడ నిజంగానే బాధపడింది. పోనీ ఎవరో ఒకరు సర్దుకుని తలా నాలుగు జీబీలు వదలండి అని త్రినాథ్ నలుగురు సీనియర్ అసిస్టెంట్లనీ విడివిడిగా బతిమాలాడు. ఇవాళ నాలుగు వదిలితే రేపు కుర్చీ కూడా వదలమంటారని నలుగురూ ఒకే మాట అన్నారు. ఇంకో డిస్కు కొంటే సరిపోతుందంటే, కొంటే అదీ ఇదే నిష్పత్తిలో పంచాలని సర్క్యులరు చూపించారు. ఆ నిష్పత్తిలో లక్ష జీబీలు తెచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ వాటా సున్నాయే.

చివరికి కార్యదర్శిగారే దారి చూపించారు. ఆపరేటింగ్ సిస్టమ్ పోస్టు ఒకటి మంజూరు చేయవలసిందిగా ఆర్థిక శాఖకి ప్రతిపాదన పంపారు. ఈలోగా పని ఆగకూడదు కదా. ఖాళీగా ఉన్న ఏ పోస్టుకైనా ఆ ఆఫీసులో చేసే పనే దీనికీ చేశారు. సాయంత్రానికి ఉత్తర్వు త్రినాథ్ చేతికొచ్చింది.

"ఆపరేటింగ్ సిస్టమ్ పోస్టు భర్తీ అగువరకు, సదరు పోస్టు యొక్క విధులను శ్రీ త్రినాథ్, కాంట్రాక్టు ఇంజనీరు, పూర్తి అదనపు బాధ్యతగా నిర్వర్తించవలెను."

త్రినాథ్ దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్య హైమకి చూపించాడు. హైమ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. చదివి, "నిన్ను కంప్యూటరుగా వేశారా?" అంది. కంప్యూటరు కాదు, దాని లోపలిదని చెప్పాడు. ఏదైతేనేం, ఏప్రిల్లో జీతం వస్తుందా రాదా అది చెప్పమంది. ఆ మాటా నిజమే అనిపించింది అతనికి.

మార్చి ఇరవై ఎనిమిదిన ప్రారంభోత్సవం. సర్వరుకి పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపూల దండ వేశారు. దాని వెనక నీలం పట్టుతెర కట్టారు. తెర వెనక ఒక పాత కంప్యూటరు, ప్రింటరు, ప్లాస్టిక్ స్టూలు, స్టూలు మీద త్రినాథ్. తెరకి కాగితం దూరేటంత చీలిక పెట్టారు. ఛైర్మన్‌గారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కారు. మొదటి దరఖాస్తుదారు మల్లాడి సత్తియ్య. పిట్టల్లంక రేవులో పంటు నడుపుతాడు. అతని కాగితాలు చీలికలోంచి లోపలికి వెళ్లాయి. నాలుగు నిమిషాల్లో లైసెన్సు బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది.

చప్పట్లు మోగిపోయాయి. మూడు నెలల పని నాలుగు నిమిషాల్లో అయిందంటే ఎవరు మాత్రం కొట్టరు? కాగితం ఎనిమిది బల్లల మీదుగా వెళ్లకుండా నేరుగా పనిచేసేవాడి దగ్గరికి వెళ్లిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సత్తియ్య మాత్రం లైసెన్సు పట్టుకుని వంగి తెర కిందకి చూస్తున్నాడు.

"అయ్యగోరూ, మిషనుకి కాళ్లున్నాయండి. చెప్పులు కూడా ఏసుకుందండి," అన్నాడు.

"అది ఆధునిక పరిజ్ఞానము," అన్నారు కార్యదర్శిగారు, అతన్ని భుజం పట్టి పక్కకి జరిపిస్తూ.

ఏప్రిల్ రెండున త్రినాథ్ నలభై అయిదోసారి ఉద్యోగంలో చేరాడు. తొమ్మిది పనిదినాల్లో మిగతా మూడువందల పదకొండు లైసెన్సులూ ఇచ్చేశాడు. సర్వరు పనితీరు చూడడానికి పక్క జిల్లాల నుంచి బృందాలు రావడం మొదలైంది. సర్వరుకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు, అది పెట్టె మీద టేపుతో అంటించారు. తెర వెనక ఉన్నవాడికి మాత్రం కొత్త తలనొప్పులు పట్టుకున్నాయి. భోజనానికి లేస్తే బయట "సిస్టమ్ డౌన్" అని బోర్డు వేసేవారు. మధ్యాహ్నం కునుకు పడితే హ్యాంగయిందని మెమో వచ్చేది. ఇద్దరి కాగితాలు ఒకేసారి లోపలికి తోసి, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నాక ఒకేసారి పది పనులు చేయాలట కదా అని పేరిశాస్త్రిగారు గదమాయించేవారు. పని మందగిస్తే జగదాంబగారు అల్లం టీ పంపి, రీస్టార్ట్ చేశానని రిజిస్టరులో రాసుకునేది. వెయ్యి జీబీల డిస్కు మాత్రం అందరి వాటాలతోనూ అలాగే, ఈగ వాలకుండా ఉంది.

పధ్నాలుగు నెలలకి ఆర్థిక శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్, ఒక పోస్టు, రెగ్యులర్.

ఆ కాగితం చూసి త్రినాథ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లు, కాదు, పన్నెండేళ్లు దాటింది, తను చేస్తున్న పనికి ఇన్నాళ్లకి ఒక పర్మనెంటు కుర్చీ వచ్చింది. హైమ స్కూలుకి సెలవు పెట్టి వినాయకుడి గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసింది. మామగారు పూతరేకుల పెట్టె పట్టుకుని బస్సెక్కి వచ్చేశారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు ఏ బ్యాంకులో ఇంటి అప్పు తీసుకోవాలో కూడా ఆయనే చెప్పారు. త్రినాథ్‌కి సంతోషంతోపాటు భయమూ ఉంది. ఆ పోస్టులోకి వేరొకరు వస్తే అతని అదనపు బాధ్యతా పోతుంది, కాంట్రాక్టూ పోతుంది. దక్కితే జన్మంతా, దక్కకపోతే మర్నాటి నుంచి ఇంట్లోనే.

ఇంకెవరొస్తారులే అని అందరూ ధైర్యం చెప్పారు. కానీ కార్యదర్శిగారు న్యాయం తప్పే మనిషి కాదు.

"పోస్టు ఎవరి పేరున మంజూరైనదో వారిని పిలవకపోవుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము," అని రాసి, అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా ఇంటర్వ్యూకి కబురు పంపారు. అంటే త్రినాథ్ సొరుగులో పడి ఉన్న పెన్‌డ్రైవ్‌కి. కబురు అందినట్టు సంతకం కూడా త్రినాథే పెట్టాడు.

ఇంటర్వ్యూ రోజున హాలు బయట రెండు కుర్చీలు వేశారు. ఒక దాంట్లో త్రినాథ్, ఇస్త్రీ చొక్కాలో. రెండో దాంట్లో, మడత పెట్టిన తుండుగుడ్డ మీద, పెన్‌డ్రైవ్. మొదట త్రినాథ్‌ని పిలిచారు. రోజుకి ఇరవై నాలుగు గంటలు పనిచేయగలరా అన్నారు. చేయలేనన్నాడు. సెలవులు వాడుకుంటారా అంటే వాడుకుంటానన్నాడు. మండలిలో ఎవరిమీదనైనా ఫిర్యాదు ఉందా అంటే ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణానికి అయిదు మార్కులు పోయాయి.

తరవాత జగదాంబగారు పెన్‌డ్రైవ్‌ని లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. అవే ప్రశ్నలు అడిగారు. అది దేనికీ ఎదురు చెప్పలేదు. ఇంత వినయం ఈ కాలంలో అరుదని ఇంటర్వ్యూ బోర్డు సభ్యులంతా ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు. సాయంత్రం మార్కులు గోడకి అంటించారు. ఆపరేటింగ్ సిస్టమ్ తొంభై రెండు. త్రినాథ్ అరవై ఒకటి.

త్రినాథ్ వెళ్లి ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ల చాకిరీ, పధ్నాలుగు నెలలు తెర వెనక ఉక్కపోత, అన్నీ కలిపి ఒక వేలెడంత ప్లాస్టిక్ ముక్క చేతిలో ఓడిపోయాయి. పైగా రేపు దాన్ని పెట్టెలోకి ఎక్కించాల్సింది కూడా తనే. ఇంటికెళ్లి హైమకి ఎలా చెప్పాలో, పూతరేకులు తెచ్చిన మనిషి మొహం ఎలా చూడాలో తెలియలేదు. ఎంటర్ మీట మీద వేలు పెట్టి ఆగిన ఆ పొద్దు తల్చుకుని తనని తాను తిట్టుకున్నాడు. అంతలో అటెండరు వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలనలో మేడమ్‌గారికి ఏదో సందేహం వచ్చింది, రమ్మంటున్నారని చెప్పాడు.

జగదాంబగారి ముందు రెండు ఫైళ్లున్నాయి. ఎంపికైన అభ్యర్థి పుట్టినతేదీ గడి ఖాళీగా ఉందేమని ఆవిడ అడిగింది. దీన్ని ఎప్పుడు విడుదల చేశారో అదే రాసుకోండన్నాడు త్రినాథ్, ప్రాణం లేనట్టు. రెండేళ్ల కిందటి ఏప్రిల్ ఇరవై ఒకటి. ఆవిడ రాసింది. రాసి వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"రెండేళ్ల పిల్ల. ఉద్యోగానికి పద్దెనిమిది నిండాలి బాబూ," అంది.

త్రినాథ్ తలెత్తాడు. అయితే పోస్టు రెండో అభ్యర్థికే కదండీ అన్నాడు. ఆవిడ రెండో ఫైలు తెరిచి చూపించింది. ఈ పోస్టుకి వయోపరిమితి నలభై రెండు. ప్రతిపాదన వెళ్లిననాటికి త్రినాథ్‌కి నలభై ఒకటీ పదకొండు నెలలు. అది ఆర్థిక శాఖలో పధ్నాలుగు నెలలు పడుకుని వచ్చేసరికి నలభై మూడు దాటాయి. ఒకరికి వయసు రాలేదు, ఒకరికి దాటిపోయింది.

ఇద్దరూ ఫైళ్లు పట్టుకుని కార్యదర్శిగారి గదిలోకి వెళ్లారు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తొంభై రెండు మార్కులు తెచ్చుకున్న అభ్యర్థిని కాదనడం అన్యాయం. మైనరుని ఉద్యోగంలో పెట్టుకోవడం నేరం. చివరికి కళ్లు తెరిచి చెప్పసాగారు, జగదాంబగారు రాసుకుంది. ఎంపికైన అభ్యర్థి మేజరగువరకు సదరు పోస్టు వారి పేరుననే భద్రపరచవలెను. అంతవరకు శ్రీ త్రినాథ్ సంరక్షకుని హోదాలో విధులు నిర్వర్తించవలెను. ఈ కాలములో వారిని తొలగించుటకు ఎవరికిని అధికారము లేదు, ఏలయనగా సంరక్షకుని తొలగించినచో మైనరు అనాథ యగును.

త్రినాథ్‌కి మొదట అర్థం కాలేదు. వసారాలోకి వచ్చాక జగదాంబగారే విడమర్చి చెప్పింది. పర్మనెంటు కాదు, కానీ పదహారేళ్లపాటు బ్రహ్మదేవుడొచ్చినా కదపలేడని. త్రినాథ్ మనసులో లెక్క వేసుకున్నాడు. నలభై మూడూ పదహారూ యాభై తొమ్మిది. అప్పటికి అది మేజరై కుర్చీలో కూర్చుంటుంది, తను ఏ పెన్షనూ లేకుండా రోడ్డున పడతాడు. ఆ మాటే పైకి అన్నాడు.

ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇలాంటివి కొత్తవి వస్తుంటాయట కదా. ఎన్నాళ్లకోసారి వస్తాయేంటి?"

"రెండేళ్లకోసారండి."

"వస్తే పాతదాన్నేం చేస్తారు?"

"తీసేసి కొత్తది పెట్టుకోమంటారండి."

"దాని పుట్టినతేదీ?"

"కొత్తదేనండి," అన్నాడు త్రినాథ్.

జగదాంబగారు ఫైలు మూసి, తాడు చుట్టి, ముడి వేసింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆవిడ ఆఫీసు వేళల్లో నవ్వగా ఎవరూ చూడలేదు. ఇప్పుడూ నవ్వలేదుగానీ, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అయితే అది మన దగ్గర ఎప్పటికీ మేజరు కాదు. నువ్వెళ్లి పని చూసుకో బాబూ, బయట జనం ఉన్నారు."

త్రినాథ్ హాల్లోకి వెళ్లి, తెర పక్కకి తప్పించి, స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దుటినుంచీ బెంచీల మీద ఎదురు చూస్తున్న పడవలవాళ్లు, సిస్టమ్ వచ్చిందని ఒకరికొకరు చెప్పుకుని, కాగితాలు పట్టుకుని లైన్లో నిలబడ్డారు.